ఒకసారి చేసిన యానిమేషన్‌ను ప్రతి వీడియోలో వాడుకోవడం ఎలా?

వంటల చానెల్‌కి ఎడిటింగ్ చేస్తున్నారనుకోండి. "చింతపండు – నిమ్మకాయంత" అని రాసి ఉన్న చిన్న కార్డు స్క్రీన్ ఎడమ పక్క నుంచి వచ్చి, మూడు నాలుగు సెకన్లు నిలబడి, వెళ్లిపోవాలి. ఒక్క గుత్తి వంకాయ కూర వీడియోలోనే ఇలాంటి కార్డులు పదీ పన్నెండు పడతాయి. వచ్చే వారం గోంగూర పచ్చడికి మళ్లీ అన్నే కావాలి. వాటితో పాటు చానెల్ లోగో, వంట పేరు టైటిల్, సబ్‌స్క్రైబ్ గుర్తు, చివర్లో వచ్చే ఎండ్ స్క్రీన్ కూడా ఉంటాయి. ఇవన్నీ ప్రతిసారీ కొత్తగా చేసుకుంటూ కూర్చుంటే అసలు ఎడిటింగ్‌కి, అంటే ఏ షాట్ ఎక్కడ కోయాలి, ఎక్కడ కాసేపు ఆగాలి అన్న ఆలోచనకి, టైమ్ మిగలదు.

చాలామంది పాత ప్రాజెక్టుని కాపీ చేసి, అందులోని వీడియోలు తీసేసి, కొత్తవి పెట్టుకుంటారు. పని జరుగుతుంది కానీ పాత చెత్త కూడా వెంట వస్తుంది. పాత ఆడియో ముక్కలు, ఫైల్ దొరక్క ఆఫ్‌లైన్ అయిన క్లిప్పులు, ఎక్కడో టైమ్‌లైన్ చివర మర్చిపోయిన టైటిల్ అందులోనే ఉంటాయి. నాలుగైదు వీడియోలయ్యాక ఏ కార్డు సరైనదో మీకే తెలియదు. అందుకని వస్తువులను ప్రాజెక్టు బయట ఒక చోట భద్రం చేసి, కావలసినప్పుడు లోపలికి తెచ్చుకునే పద్ధతి అలవాటు చేసుకోవాలి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో ఇదంతా పైసా ఖర్చు లేకుండా కుదురుతుంది కాబట్టి దానితోనే వివరంగా చెబుతాను. ప్రీమియర్, కెడెన్‌లైవ్, ఫోన్ యాప్‌ల గురించి చివర్లో క్లుప్తంగా ఉంటుంది.

ముందు వస్తువులను విడదీయండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక కాగితం తీసుకుని, మీ వీడియోల్లో మళ్లీ మళ్లీ వచ్చేవన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన "ఇందులో ఏం మారుతుంది?" అన్న ప్రశ్నకి జవాబు రాయండి. లోగో యానిమేషన్‌లో ఏమీ మారదు. పదార్థాల కార్డులో పేరు, కొలత మారతాయి, ఒక్కోసారి రాత వెనక ఉండే పట్టీ వెడల్పు మారుతుంది. కలర్ గ్రేడ్ (షాట్ రంగుల దిద్దుబాటు) అయితే కంటికి కనిపించే వస్తువు కాదు, కొన్ని సెట్టింగుల కట్ట మాత్రమే.

ఏది ఎక్కడ దాచాలో ఈ జవాబే చెబుతుంది. ఏమీ మారనిదాన్ని ఒకసారి రెండర్ చేసి (పూర్తయిన వీడియో ఫైల్‌గా బయటికి తీసి) క్లిప్‌గా ఉంచేయాలి. రాతలు మారేదాన్ని టెంప్లేట్‌గా మార్చాలి. సెట్టింగులను ప్రీసెట్‌గా సేవ్ చేయాలి. ఈ తేడా చూసుకోకుండా అన్నిటినీ ఒకే రకంగా దాచడం వల్లే చాలామంది టెంప్లేట్లు రెండు నెలల్లో పనికిరాకుండా పోతాయి.

కదలని ఫోల్డర్

కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ పెట్టండి. పేరు మీ ఇష్టం, "చానెల్ సామాను" అన్నా ఫర్వాలేదు. లోపల లోగోలు, శబ్దాలు, సంగీతం, ఫాంట్లు, టెంప్లేట్లు అని విడివిడిగా ఫోల్డర్లు ఉండాలి. ఈ ఫోల్డర్‌ని ఇక ఎప్పుడూ జరపకూడదు, పేరు మార్చకూడదు. రిజాల్వ్ మీ ఫైళ్లను తనలోకి కాపీ చేసుకోదు, అవి ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటుంది అంతే. ఫైల్ కదిలితే ఎర్రగా "మీడియా ఆఫ్‌లైన్" అని కనిపిస్తుంది.

ఈ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టకపోవడమే మేలు. విండోస్‌లో ఆ డ్రైవ్ ఈరోజు E అక్షరంతో, రేపు F అక్షరంతో కనిపించవచ్చు. అప్పుడు లింకులన్నీ తెగిపోతాయి. తప్పదనుకుంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డ్రైవ్‌కి స్థిరంగా ఒక అక్షరం కేటాయించండి. జడ్ లాంటి చివరి అక్షరమైతే వేరే డ్రైవ్‌తో గొడవ రాదు.

సంగీతం, శబ్దాల పక్కనే వాటి లైసెన్స్ కాగితాన్ని, లేదా మీరు ఎక్కడి నుంచి తీసుకున్నారో రాసిన చిన్న టెక్స్ట్ ఫైల్‌ని పెట్టండి. ఒకే ట్యూన్‌ను యాభై వీడియోల్లో వాడాక కాపీరైట్ క్లెయిమ్ వస్తే, అది యాభై వీడియోలకీ రావచ్చు.

ఫాంట్ల సంగతి

తెలుగులో పనిచేసేవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. డీటీపీ నుంచి వచ్చినవాళ్లకి అను ఫాంట్లు చేతికి అలవాటు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ ప్రాజెక్టు తెరిస్తే తెలుగు పోయి అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పైగా వాటిలో టైప్ చేసినదాన్ని వెతకలేరు, వేరే చోట పేస్ట్ చేయలేరు. పదే పదే వాడే టెంప్లేట్‌కి యూనికోడ్ ఫాంటే పెట్టండి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి చానెల్ డబ్బు సంపాదిస్తున్నా వాడుకోవచ్చు. టైటిల్‌కి రామభద్ర నిండుగా ఉంటుంది. చిన్న అక్షరాలకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చదవడానికి హాయిగా ఉంటాయి. వాడిన ఫాంట్ ఫైల్‌ని సామాను ఫోల్డర్‌లో కూడా ఒక కాపీ ఉంచండి.

ఫాంట్ ఖాయం చేసే ముందు "అల్లం వెల్లుల్లి పేస్ట్", "ధనియాల పొడి", "ద్రాక్ష", "స్వచ్ఛమైన నెయ్యి" లాంటివి టైప్ చేసి, ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడండి. అక్షరం తర్వాత అక్షరం వచ్చే టైప్‌రైటర్ యానిమేషన్ ఇంగ్లిష్‌కి ఎంత బాగున్నా, తెలుగులో ఒత్తు విడిపోయి కనిపించే ప్రమాదం ఉంది. మొత్తం పదం ఒకేసారి జారి రావడం, లేదా మాస్క్ (కొంత భాగాన్ని కప్పే తెర) వెనక నుంచి బయటపడడం మనకి సురక్షితమైన పద్ధతి.

పవర్ బిన్

రిజాల్వ్‌లో ప్రతి ప్రాజెక్టుకీ దాని సొంత మీడియా పూల్, అంటే ఆ ప్రాజెక్టులో వాడే ఫైళ్ల జాబితా, ఉంటుంది. పవర్ బిన్ మాత్రం అలా కాదు. అందులో పెట్టినది ఒకే ప్రాజెక్ట్ లైబ్రరీలో (రిజాల్వ్ తన ప్రాజెక్టులను దాచే చోటు) ఉన్న అన్ని ప్రాజెక్టుల్లోనూ కనిపిస్తుంది. పై మెనూలో వ్యూ నొక్కి "షో పవర్ బిన్స్" ఎంచుకుంటే, మీడియా పూల్‌లో బిన్ల (రిజాల్వ్ లోపలి ఫోల్డర్ల) జాబితా కింద అది తెరుచుకుంటుంది. దానిలో మీకు కావలసినన్ని బిన్లు చేసుకుని, సామాను ఫోల్డర్ నుంచి లోగోలు, శబ్దాలు లాగి పడేయండి.

బొమ్మలు, ఆడియోలే కాదు, టైమ్‌లైన్ మీద మీరు తయారుచేసిన టెక్స్ట్ ప్లస్ (Text+) టైటిల్‌ని, ఎఫెక్టులు వేసిన అడ్జస్ట్‌మెంట్ క్లిప్‌ని కూడా మౌస్‌తో పట్టుకుని పవర్ బిన్‌లోకి లాగవచ్చు. ఫాంట్, రంగు, సైజు, యానిమేషన్ అన్నీ దానితో పాటే వెళ్తాయి. కొత్త ప్రాజెక్టులో టైమ్‌లైన్ మీద వేసి, రాత మార్చుకుంటే చాలు. రెండు మూడు రకాల టైటిళ్లు మాత్రమే ఉన్నవాళ్లకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఇక్కడితో ఆగిపోయినా మీ పని సగానికి సగం తగ్గుతుంది.

పవర్ బిన్ లైబ్రరీతో కట్టి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. వేరే లైబ్రరీ తెరిస్తే అది కనిపించదు. కంప్యూటర్ ఫార్మాట్ అయితే పోతుంది. కాబట్టి ప్రాజెక్ట్ మేనేజర్‌లో లైబ్రరీ బ్యాకప్ నెలకోసారైనా తీసి వేరే డ్రైవ్‌లో ఉంచండి. ఒక్క బిన్‌నే వేరేవాళ్లకి పంపాలంటే దానిమీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలుంది. అయితే ఆ ఫైల్‌లో క్లిప్పుల వివరాలే ఉంటాయి, అసలు వీడియోలు, బొమ్మలు ఉండవు. వాటిని విడిగా పంపాలి.

మాక్రో: పదార్థాల కార్డుని సొంత టైటిల్‌గా మార్చడం

కార్డు లాంటివాటికి పవర్ బిన్‌లో ఒక ఇబ్బంది ఉంది. కార్డులో రెండు రాతలు, ఒక పట్టీ, కదలిక కలిసి ఉంటాయి. పేరు మార్చాలంటే ప్రతిసారీ రిజాల్వ్‌లో యానిమేషన్లు చేసే ఫ్యూజన్ పేజీలోకి వెళ్లి నోడ్లు (ఒక్కో పనికి ఒక్కో పెట్టె) వెతకాలి. ఆ నోడ్లన్నిటినీ ఒకే మూటగా కట్టి మాక్రో చేస్తే ఎడిట్ పేజీలోనే, ఇన్‌స్పెక్టర్ అనే సెట్టింగుల ప్యానెల్‌లో, మీకు కావలసిన కొన్ని గళ్లు మాత్రమే కనిపిస్తాయి. కాస్త ఓపిక పట్టి ఒకసారి చేయండి, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

1. ఎఫెక్ట్స్ లైబ్రరీ నుంచి ఒక ఫ్యూజన్ కంపోజిషన్‌ని టైమ్‌లైన్ మీద వేసి, 5 సెకన్ల నిడివి ఉంచండి. 30 ఫ్రేమ్ రేట్‌లో (సెకనుకి 30 ఫ్రేములు) అది 150 ఫ్రేములు, అంటే 0 నుంచి 149 దాకా. ఫ్యూజన్ పేజీ తెరవండి.

2. పట్టీ కోసం ఒక బ్యాక్‌గ్రౌండ్ నోడ్, దానికి రెక్టాంగిల్ మాస్క్ పెట్టండి. పేరుకి ఒక టెక్స్ట్ ప్లస్, కొలతకి ఇంకో టెక్స్ట్ ప్లస్ తెచ్చి, మెర్జ్ నోడ్లతో పట్టీ మీద కలపండి. ఆల్ఫా, అంటే ఎంత కనపడాలన్న విలువ, సున్నా చేసిన ఇంకో ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ నోడ్ అడుగున ఉంటే కార్డు చుట్టూ పారదర్శకంగా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ నోడ్లలో "ఆటో రిజల్యూషన్" టిక్ తీయకండి. అది ఉంటేనే 1080 లో చేసిన కార్డు 4కే టైమ్‌లైన్‌లోనూ సరిగ్గా కూర్చుంటుంది.

3. నోడ్లకి పేర్లు పెట్టండి. "టెక్స్ట్1, టెక్స్ట్2" అని వదిలేస్తే మాక్రో ఎడిటర్‌లో ఏది పేరో ఏది కొలతో తెలియదు. నోడ్ పేర్లకి ఇంగ్లిష్ అక్షరాలే వాడండి.

4. మొత్తం కార్డుని కదిలించడానికి ఒక ట్రాన్స్‌ఫార్మ్ నోడ్ చేర్చి కీఫ్రేములు (ఏ ఫ్రేములో ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టండి. 0 నుంచి 15 దాకా లోపలికి, 134 నుంచి 149 దాకా బయటికి.

5. అన్నిటికంటే చివర, ఫలితాన్ని టైమ్‌లైన్‌కి పంపే మీడియా అవుట్ నోడ్‌కి ముందు, "కీఫ్రేమ్ స్ట్రెచర్" నోడ్ పెట్టండి. సోర్స్ ఎండ్ 149, స్ట్రెచ్ స్టార్ట్ 20, స్ట్రెచ్ ఎండ్ 130 ఇవ్వండి.

ఈ అయిదో మెట్టుని దయచేసి దాటేయకండి. ఇది లేకపోతే కార్డుని 3 సెకన్లకి కోసినప్పుడు బయటికి వెళ్లే కదలిక తెగిపోయి, కార్డు టక్కున మాయమవుతుంది. 8 సెకన్లకి లాగితే అయిదో సెకనుకే వెళ్లిపోయి, మిగతా మూడు సెకన్లు ఖాళీగా ఉంటుంది. స్ట్రెచర్ ఉంటే 20 నుంచి 130 మధ్య భాగమే సాగుతుంది, కుదించుకుంటుంది. రావడం, పోవడం ఎప్పుడూ ఒకే వేగంతో ఉంటాయి. నెట్‌లో దొరికే ఉచిత టెంప్లేట్లలో కూడా ఇది ఉందో లేదో నేను మొదట చూస్తాను.

6. ఇప్పుడు మీడియా అవుట్ తప్ప మిగతా నోడ్లన్నీ సెలెక్ట్ చేయండి. నోడ్లను ఏ వరుసలో సెలెక్ట్ చేస్తే ఇన్‌స్పెక్టర్‌లో గళ్లు ఆ వరుసలో వస్తాయి. అందుకని కంట్రోల్ నొక్కి పట్టుకుని ముందు పేరు, తర్వాత కొలత, తర్వాత పట్టీ, ఆపైన మిగతావి నొక్కండి. రైట్ క్లిక్ చేసి మాక్రో, క్రియేట్ మాక్రో ఎంచుకోండి.

7. మాక్రో ఎడిటర్‌లో ప్రతి నోడ్ కింద పెద్ద జాబితా కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. బయటికి కనిపించాల్సిన వాటికి మాత్రమే టిక్ పెట్టాలి. రెండు టెక్స్టుల్లో "స్టైల్డ్ టెక్స్ట్", సైజు. పట్టీ రంగు, మాస్క్ వెడల్పు. అంతే. టిక్ పెట్టిన చోట పేరు కూడా మార్చుకోవచ్చు, అంటే స్టైల్డ్ టెక్స్ట్ బదులు "పదార్థం", "కొలత" అని అర్థమయ్యేలా.

ఎన్ని గళ్లు తెరిచి ఉంచాలన్నది ఆలోచించాల్సిన విషయం. ఫాంట్‌కి టిక్ పెట్టకపోవడమే మంచిదని నా నమ్మకం. చానెల్ రూపు ఒకటే ఉండాలని కదా టెంప్లేట్ చేసేది. అర్ధరాత్రి ఎడిటింగ్ చేస్తూ మనసు మారి ఇంకో ఫాంట్ పెట్టే వీలు ఉండకూడదు. పట్టీ వెడల్పు మాత్రం తప్పకుండా తెరిచి ఉంచండి. "ఉప్పు"కి సరిపోయే పట్టీ "అల్లం వెల్లుల్లి పేస్ట్"కి చాలదు.

8. మాక్రోకి పేరు పెట్టి సేవ్ చేయండి. ఎక్కడ సేవ్ చేస్తామన్నదాన్ని బట్టే అది ఎక్కడ కనిపించాలన్నది తేలుతుంది. "మాక్రోస్" ఫోల్డర్‌లో ఉంచితే ఫ్యూజన్ పేజీలోనే దొరుకుతుంది. ఎడిట్ పేజీ టైటిళ్లలో రావాలంటే, విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ తెరిచి యాప్‌డేటా, రోమింగ్, బ్లాక్‌మ్యాజిక్ డిజైన్, డావిన్చీ రిజాల్వ్, సపోర్ట్, ఫ్యూజన్, టెంప్లేట్స్, ఎడిట్, టైటిల్స్ అనే ఫోల్డర్ల వరుసలోకి వెళ్లాలి. మ్యాక్‌లో యూజర్ లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్ కింద ఇదే వరుస ఉంటుంది, మధ్యలో సపోర్ట్ ఫోల్డర్ ఉండదు. చివరి ఫోల్డర్లు (Templates, Edit, Titles) లేకపోతే మీరే సృష్టించండి, స్పెల్లింగ్ మాత్రం తప్పకూడదు. యాప్‌డేటా ఫోల్డర్ మామూలుగా దాగి ఉంటుంది కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసుకోండి.

9. రిజాల్వ్‌ని మూసి మళ్లీ తెరవండి. ఎఫెక్ట్స్ లైబ్రరీలో టైటిల్స్ కింద మీ కార్డు కనిపిస్తుంది. పక్కన నక్షత్రం నొక్కితే ఫేవరెట్స్‌లోకి వస్తుంది.

వాడే ముందు పరీక్ష పెట్టండి. మీ వంటల్లో వచ్చే అతి పొడుగు పేరు, అతి పొట్టి పేరు రాసి చూడండి. 2 సెకన్లకి కోసి, 10 సెకన్లకి లాగి చూడండి. 4కే టైమ్‌లైన్ మీద వేసి చూడండి. ఇవన్నీ నిలిచాకే అసలు వీడియోలో పెట్టండి.

మాక్రోలో లోగో బొమ్మ పెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. మీడియా పూల్ నుంచి లాగితే వచ్చే మీడియా ఇన్ నోడ్ ఆ ప్రాజెక్టుకే పరిమితం, వేరే ప్రాజెక్టుకి రాదు. దాని బదులు లోడర్ నోడ్ వాడి, సామాను ఫోల్డర్‌లోని ఫైల్‌ని చూపించండి. ఫోల్డర్ కదలకూడదని ముందే చెప్పడానికి ఇది ఇంకో కారణం.

తర్వాత ఎప్పుడైనా మాక్రో ఫైల్‌ని మార్చినా, పాత వీడియోల్లో వేసేసిన కార్డులు మారవు. ప్రతి టైమ్‌లైన్‌లోనూ దాని కాపీ ఉంటుంది. పాత వీడియోలు చెడిపోతాయన్న భయం అక్కర్లేదు. గళ్లు మార్చినప్పుడు కొత్త పేరుతో, "కార్డు 2" అని సేవ్ చేస్తే ఏది ఎప్పటిదో తెలుస్తుంది.

ఇంకో సౌకర్యం చాలామందికి తెలియదు. ఫ్యూజన్‌లో నోడ్లను సెలెక్ట్ చేసి కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే, అవి మామూలు టెక్స్ట్‌గా వస్తాయి. ఆ టెక్స్ట్‌ని ఫైల్‌గా మెయిల్ చేస్తే, అవతలి ఎడిటర్ కాపీ చేసి తన ఫ్యూజన్ పేజీలో పేస్ట్ చేసుకోవచ్చు. నోడ్లు ఉన్నవి ఉన్నట్టుగా ప్రత్యక్షమవుతాయి. హైదరాబాద్‌లో ఒకరు గ్రాఫిక్స్ చేసి, డల్లాస్‌లో ఇంకొకరు ఎడిట్ చేసే చానెళ్లకి ఇది బాగా పనికొస్తుంది. ఫాంట్లు మాత్రం ఇద్దరి దగ్గరా ఉండాలి.

మారని యానిమేషన్‌ని రెండర్ చేసి ఉంచండి

లోగో విరిసే యానిమేషన్, సబ్‌స్క్రైబ్ గుర్తు లాంటివాటిలో ఏమీ మారదు. వాటిని ప్రతి ప్రాజెక్టులో ఫ్యూజన్ మళ్లీ లెక్కగట్టడం కంప్యూటర్‌కి దండగ భారం. డెలివర్ పేజీలో ఫార్మాట్ క్విక్‌టైమ్, కోడెక్ డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్, టైప్ 444 ఎంచుకుని "ఎక్స్‌పోర్ట్ ఆల్ఫా" టిక్ పెట్టి రెండర్ చేయండి. మామూలు ఎంపీ4 హెచ్.264 లో పారదర్శకత నిలవదు, లోగో వెనక నల్లటి చతురస్రం వస్తుంది. రెండర్ అయిన ఫైల్‌ని సామాను ఫోల్డర్‌లో పెట్టి, అక్కడి నుంచి పవర్ బిన్‌లోకి వేయండి. లోగో అంచుల చుట్టూ నల్లటి గీత కనిపిస్తే, క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆల్ఫా మోడ్‌ని ప్రీమల్టిప్లైడ్ నుంచి స్ట్రెయిట్‌కి గానీ, స్ట్రెయిట్ నుంచి ప్రీమల్టిప్లైడ్‌కి గానీ మార్చి చూడండి. అసలు ఫ్యూజన్ ప్రాజెక్టుని మాత్రం పారేయకండి, రేపు లోగో మారవచ్చు.

ఎండ్ స్క్రీన్ బ్యాక్‌గ్రౌండ్ కూడా ఇలాగే. యూట్యూబ్‌లో ఎండ్ స్క్రీన్ 5 నుంచి 20 సెకన్ల వరకు పెట్టవచ్చు కాబట్టి 20 సెకన్ల క్లిప్ ఒకటి చేసుకుంటే, కావలసినంత కోసుకోవచ్చు.

రంగులు

కలర్ పేజీలోని గ్యాలరీలో పవర్‌గ్రేడ్ అనే ఆల్బమ్ ఉంటుంది. మామూలు స్టిల్స్ ఆ ప్రాజెక్టుతోనే ఉండిపోతాయి. పవర్‌గ్రేడ్‌లోవి అన్ని ప్రాజెక్టుల్లో కనిపిస్తాయి. గ్రేడ్ చేసిన షాట్ మీద రైట్ క్లిక్ చేసి గ్రాబ్ స్టిల్ కొట్టి, దాన్ని ఆ ఆల్బమ్‌లోకి లాగండి. అదే వంటగది, అదే లైటు, అదే కెమెరా అయితే నేరుగా పనిచేస్తుంది. ఎండ పడే కిటికీ పక్కన తీసిన షాట్‌కి పసుపు, కరివేపాకు రంగులు మళ్లీ సరిచూసుకోవాలి.

ఫ్రేమ్ రేట్, నిలువు వీడియోలు

ఫ్యూజన్‌లో కీఫ్రేములు సెకన్లలో కాదు, ఫ్రేముల్లో లెక్క. 30 లో అర సెకను పట్టే కదలిక 60 టైమ్‌లైన్‌లో పావు సెకనులో అయిపోతుంది. కార్డు దూకినట్టుగా అనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. చానెల్ మొత్తానికీ ఒకే ఫ్రేమ్ రేట్ పెట్టుకోండి. ప్రాజెక్టులోకి క్లిప్పులు తెచ్చాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు. అందుకే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఒక ప్రీసెట్ సేవ్ చేసుకుని, కొత్త ప్రాజెక్టు తెరవగానే దాన్ని వేసేయడం మంచి అలవాటు.

షార్ట్స్ కోసం అదే కార్డుని వాడాలని ప్రయత్నించకండి. 1080 వెడల్పు, 1920 ఎత్తు ఉన్న నిలువు ఫ్రేమ్‌లో కింది భాగాన్ని చానెల్ పేరు, వీడియో టైటిల్ కమ్మేస్తాయి, కుడి పక్కన లైక్, కామెంట్ బటన్లు ఉంటాయి. ఎడమ కింద కూర్చునే కార్డు అక్కడ కనపడదు. మాక్రోని కాపీ చేసి, కార్డుని పైకి జరిపి, అక్షరాలు పెంచి, "నిలువు కార్డు" అని విడిగా సేవ్ చేయండి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి

ప్రీమియర్ ప్రోలో టైటిల్‌ని రైట్ క్లిక్ చేసి "ఎక్స్‌పోర్ట్ యాజ్ మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్" చేస్తే మోగర్ట్ ఫైల్ వస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన యానిమేషన్‌ని కూడా ఎసెన్షియల్ గ్రాఫిక్స్ ప్యానెల్ ద్వారా మోగర్ట్ చేయవచ్చు. అక్కడ "రెస్పాన్సివ్ డిజైన్ – టైమ్" లో మొదలు, చివర భాగాలను రక్షించుకోండి, స్ట్రెచర్ చేసే పనే అదీ చేస్తుంది. ప్రీమియర్‌లో కీఫ్రేములున్న ఎఫెక్టుని ప్రీసెట్‌గా సేవ్ చేసేటప్పుడు మూడు ఎంపికలు అడుగుతుంది. స్కేల్ అంటే క్లిప్ నిడివిని బట్టి సాగుతుంది. క్లిప్ మొదట్లో వచ్చే కదలికకి యాంకర్ టు ఇన్ పాయింట్, చివర వచ్చేదానికి యాంకర్ టు అవుట్ పాయింట్ ఎంచుకోండి.

లినక్స్ మీద కెడెన్‌లైవ్ వాడేవాళ్లకి లైబ్రరీ ప్యానెల్ ఉంది. టైమ్‌లైన్ మీద కొన్ని క్లిప్పులు సెలెక్ట్ చేసి లైబ్రరీకి చేర్చితే, ఏ ప్రాజెక్టులోనైనా తీసుకోవచ్చు.

ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లు ఖాళీ మూల ప్రాజెక్టు ఒకటి చేసుకోండి. అందులో లోగో, ఒక కార్డు, ఎండ్ స్క్రీన్ మాత్రమే ఉండాలి, వీడియోలు ఉండకూడదు. ప్రతిసారీ దాన్ని డూప్లికేట్ చేసి, కాపీలోనే పనిచేయండి. కైన్‌మాస్టర్‌లో ప్రాజెక్టుని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవచ్చు, ఫోన్ మారినా పనికొస్తుంది. లోగోలు, పట్టీలు పారదర్శకమైన పీఎన్‌జీ బొమ్మలుగా ఉంచుకుంటే ఏ యాప్‌లోనైనా వాడుకోవచ్చు.

ఈ వారం అన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. సామాను ఫోల్డర్, పవర్ బిన్ ఇవాళే పెట్టుకోండి. మీ వీడియోల్లో ఎక్కువసార్లు వచ్చే ఒక్క యానిమేషన్‌ని ఎంచుకుని, తర్వాతి వీడియోకి ముందు మాక్రో చేయండి. అది రెండు మూడు వీడియోల్లో బాగా నడిచాక రెండోదాని సంగతి చూడవచ్చు.